రాణిగారి రెండో కన్ను

గుజరాత్‌లోని పాటణ్ ఊళ్లో, లీంబ్డీ పాడా అనే వీధిలో, ఉజమ్‌శీభాయి దేవళం నుంచి ఇంటికి రావడానికి ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేకపోయేవారు. దూరం చూస్తే నలభై అడుగులు. కానీ ఆయన నేలను చూస్తూ నడిచేవాడు. చీమ కనిపిస్తే ఆగేవాడు. చీమలబారు కనిపిస్తే ఆఖరి చీమ దాటేదాకా ఆగేవాడు. అరుగుల మీద పప్పు ఏరుకునే ఆడవాళ్లు, "భాయికి పెళ్లి ఊరేగింపు అడ్డొచ్చిందమ్మా, అక్షింతలు వేసి వస్తాడు" అనుకునేవారు. జైనుల వీధిలో అందరూ కిందికి చూసే నడుస్తారు, అదేం వింత కాదు. కానీ ఉజమ్‌శీభాయి జాగ్రత్త వేరు. అందరూ అన్నంలో ఉప్పు వేసుకుంటే, ఆయన ఉప్పులో అన్నం కలుపుకునే రకం.

సన్నటి మనిషి. తెల్ల ధోవతి, నల్ల టోపీ, మొలలో ఒక పెద్ద తాళంచెవి. ఆ తాళంచెవిది నలభై ఏళ్ల కథ. దేవళం వెనక రాతిగదిలో పాతపుస్తకాల పెట్టెలున్నాయి. వాటిని చూసుకునే ముసలాయన పోయినప్పుడు, సంఘం పెద్దలు ముగ్గురు కుర్రాళ్లను పిలిచి గది ఊడ్చి రమ్మన్నారు. ఇద్దరు గంటలో ఊడ్చి వచ్చారు. ఉజమ్‌శీ పొద్దువాలినా రాలేదు. వెళ్లి చూస్తే ఒక సాలెగూడు ముందు చతికిలబడి, సాలీడు తనంతట తాను ఇల్లు మారుతుందేమోనని ఎదురుచూస్తున్నాడు. పెద్దలు తాళంచెవి అతనికే ఇచ్చారు. సాలీడు మారిందో లేదో మాత్రం ఎవరికీ తెలియదు.

ఆ గదిలో ఉన్న పుస్తకాలన్నీ ఒక ఎత్తు, బంగారు పోథీ ఒక్కటీ ఒక ఎత్తు. అయిదువందల ఏళ్ల కిందటిది. కుట్టులేని పొడుగాటి కాగితాలు, ఎర్రటి పూత మీద బంగారు సిరాతో అక్షరాలు, అక్షరాల పక్కన బొమ్మలు. పర్యుషణ పండగ ఎనిమిది రోజుల్లో, అయిదోరోజు, మహావీరుడు పుట్టిన కథ చదివేటప్పుడు ఒక్కో బొమ్మనూ ఎత్తి జనానికి చూపిస్తారు. మహావీరుడి తల్లి త్రిశలా రాణి మంచం మీద పడుకుని కలలు కన్న బొమ్మ వచ్చేసరికి ముసలివాళ్లు కూడా మోకాళ్ల మీద లేచి చూస్తారు. ఏనుగు, ఎద్దు, సింహం, పూలదండ, అలా పద్నాలుగు కలలు ఆవిడ తల పైన వరుసగా ఉంటాయి.

రాణిగారి ముఖం పక్కకు తిరిగి ఉంటుంది. చిలకముక్కులాంటి ముక్కు, చెవికి చక్రాల్లాంటి కమ్మలు. ఇవతలి కన్ను ఉండాల్సిన చోటే ఉంటుంది. అవతలి కన్ను మాత్రం, మనకు కనపడకూడనిది, చెంప దాటి బయటికి వచ్చి గాలిలో నిలబడి ఉంటుంది. ఆ పోథీలో దేవుళ్లకూ దాసీలకూ అందరికీ అంతే. ఆ కాలంలో బొమ్మలు వేసేవాళ్ల పద్ధతి అది. చిన్నపిల్లలు ఏడాదికొకసారి, "ఆ కన్ను ఎందుకలా బయటికొచ్చింది?" అని అడిగేవారు. ఉజమ్‌శీభాయి భార్య ఝమ్‌కూబెన్ దగ్గర దానికి జవాబు సిద్ధంగా ఉండేది.

"అది పక్కింట్లో ఏం జరుగుతోందో చూసే కన్ను. ఈ వీధి ఆడవాళ్లందరికీ ఉంది. బొమ్మ వేసినాయన నిజాయితీపరుడు కాబట్టి దాచకుండా వేశాడు."

ఆ దంపతులకు పిల్లలు లేరు. ఝమ్‌కూబెన్ రాణిగారిని సవతి అనేది. అందులో అబద్ధమేమీ లేదు. వాన పడుతుంటే ఆయన ముందు రాతిగది కిటికీ చూసి వచ్చి, తరవాత ఇంట్లో కారుతోందా అని అడిగేవాడు. పెళ్లయిన కొత్తలో ఆవిడకు జ్వరం వస్తే తలకింద పెట్టమని వసకొమ్ముల మూట తెచ్చిచ్చాడట. పుస్తకాల పెట్టెల్లో పురుగు పట్టకుండా పెట్టే మూట అది. "నాకు పురుగు పట్టలేదండీ, జ్వరం పట్టింది" అందట ఆవిడ.

ఈ కథ జరిగిన ఏడాది, వానలకు ముందే, సంఘం పెద్ద సాకర్‌చంద్ సేఠ్ ఒక మాట అన్నాడు. ఆయనా ఉజమ్‌శీభాయీ ఒకే బడిలో ఒకే పలక కోసం కొట్టుకున్నవాళ్లు. అందుకని సేఠ్ సేఠ్‌లా మాట్లాడలేదు.

"ఉజమ్, ఊరి చివర కొత్త భవనం చూశావా? పుస్తకాల కోసమే కట్టారు. ఇనప బీరువాలు, అద్దాల తలుపులు. మన పోథీ అక్కడుంటే మంచిదేమోరా."

"మనవాళ్ల పోథీ మన పాడాలో ఉండక, అద్దాల పెట్టెలో ఎందుకు? అదేమన్నా మిఠాయా?"

"నీకూ నాకూ అరవై దాటాయి. నీ తరవాత సాలీళ్లతో ఎవడు మాట్లాడతాడు? సరే, ఈ పర్యుషణ దాకా చూద్దాం. ఒక్క కాగితానికి ఒక్క మచ్చ పడిందని తెలిసినా, దీపావళి వెళ్లగానే పోథీ అక్కడికి వెళ్లిపోతుంది. మళ్లీ నా మీద అలగొద్దు."

ఉజమ్‌శీభాయి అలగలేదు. రాతిగదికి రోజుకు రెండుసార్లు వెళ్లేవాడల్లా, ఆ రోజు నుంచి మూడుసార్లు వెళ్లడం మొదలుపెట్టాడు.

పర్యుషణ రేపనగా పోథీ పెట్టె తెరిచాడు. మూతికి గుడ్డ కట్టుకుని, ఎర్రబట్ట మూట విప్పి, నెమలీకల కుంచెతో కాగితాలు ఒక్కొక్కటే తుడుస్తున్నాడు. రెండు కాగితాల మధ్య నుంచి ఒక తెల్లని పురుగు తల ఎత్తింది. బియ్యపుగింజలో సగం ఉంటుంది. దాని వెనక ఇంకొకటి. పక్కన పొడి, ముక్కలు. ఆ ముక్కల్లో మూడోది.

ఇంకొకరయితే ఏం చేసేవారో చెప్పనక్కర్లేదు. ఉజమ్‌శీభాయి వాటికి దండం పెట్టాడు. చంపడమన్న మాటే లేదు. అలాగని ఉన్నపళంగా తీసి బయట పడేసినా అవి చచ్చిపోతాయి, ఎందుకంటే వాటి తిండి కాగితం. తిండి లేకుండా పంపితే అదీ పాపమే. కాబట్టి పురుగుల్నీ, పొడినీ, ముక్కల్నీ అన్నిటినీ కుంచెతో మెల్లగా ఒక ఆకులోకి తోసి పొట్లం కట్టాడు. దారిబత్తెం కింద పోయినేడాది పంచాంగంలోంచి ఒక కాగితం చింపి అందులో వేశాడు. ఊరి పాంజరాపోల్‌లో ముసలి ఆవులకూ కుంటి మేకలకూ కొట్టాలు ఉన్నట్టే, పురుగులకు కూడా ఒక గది ఉంది. ఇళ్లలో పురుగుపట్టిన గోధుమలూ శనగలూ అందులోకే చేరతాయి. వాటిని పోగుచెయ్యడానికి హమీర్ అనే రబారీ పశులకాపరి గంట వాయించుకుంటూ బండి తోలుకొస్తాడు.

ఉజమ్‌శీభాయి పొట్లం అతని చేతిలో పెట్టి, "ముగ్గురున్నారు. కుదుపు తగలకుండా తీసుకెళ్లు" అన్నాడు.

"ముగ్గురికీ ముందు సీటే ఇస్తాను కాకా" అన్నాడు హమీర్.

పెద్ద పుణ్యం చేసినట్టుగా ఇంటికొచ్చి ఉజమ్‌శీభాయి మూడు రొట్టెలు ఎక్కువ తిన్నాడు.

పర్యుషణ మొదలయింది. ఝమ్‌కూబెన్ ఎనిమిది రోజుల ఉపవాసం పట్టింది. కాచి చల్లార్చిన నీళ్లు, అవి కూడా పొద్దున్నుంచి సూర్యుడు కుంకేలోపు, అంతే. రెండోరోజు మధ్యాహ్నం ఆయన చదవబోయే కాగితాలను వరుసలో పెడుతూ, రాణిగారి బొమ్మను వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. రాణిగారి చెంప పక్కనుంచి కిటికీ కనిపించింది. కాగితం అవతల ఉన్న కిటికీ. గాలిలో నిలబడే రెండో కన్ను ఉండాల్సిన చోట, కందిపప్పు బద్దంత చిల్లు ఉంది.

పురుగులు కంటిని తినలేదు. దాని చుట్టూ ముగ్గు వేసినట్టు గీత గీసి తిన్నాయి. కన్ను అలాగే ఊడి, పొడిలో పడి, పొడితో పాటు పొట్లంలోకీ, పొట్లంతో పాటు బండిలోకీ వెళ్లింది. పొట్లం కట్టేటప్పుడు ముక్కల్లో మెరుస్తున్నదేదో ఉందని ఆయన చూశాడు కూడా. "పాపం, వీటికి బంగారం అలవాటయింది" అనుకుని, ఏరకుండా వదిలేశాడు.

ఇంటికొచ్చాడు. కిచిడీ కంచం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతున్నాడు. ఝమ్‌కూబెన్ స్తంభానికి ఆనుకుని చూస్తోంది.

"ఏమైంది?"

"ఏం కాలేదు. రాణిగారు బాగానే ఉన్నారు."

"రాణిగారి సంగతి నేనడగలేదే."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది. ఆయన కంచం పక్కకు జరిపాడు.

"చూడండి, నేను రెండురోజులుగా తిండి మానేసి ఉన్నాను. అబద్ధాలు అరిగించుకునే ఓపిక లేదు. చెప్పండి."

చెప్పాడు. మొత్తం విని ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాడు ఆయన.

"నవ్వుతున్నావా?"

"నవ్వక ఏం చెయ్యను? నలభై ఏళ్లు కంటికి రెప్పలా కాచి, కంటినే దారిబత్తెం కట్టి పంపారు."

"పోథీ వెళ్లిపోతుంది ఝమ్‌కూ. సాకర్ మాటంటే మాటే."

ఆ గొంతు విని ఆవిడ నవ్వు ఆపింది. "పోనీ కాటుకతో ఓ చుక్క పెట్టేద్దాం. అంత దూరం నుంచి ఎవరికి కనపడుతుంది?"

"అయిదువందల ఏళ్ల రాణికి నీ కాటుకా?"

"నా కాటుకకేం? ఏటేటా నేతితో పడతాను." కానీ ఆవిడకూ తెలుసు, అది జరిగే పని కాదని. "సరే, రేపు వెళదాం. నా పిండి జల్లెడ, మల్లుగుడ్డ తీసి పెట్టండి."

"జల్లెడ ఎందుకు?"

"పెళ్లయినప్పటి నుంచి ఈ ఇంట్లో నేను చేసిన పనేమిటనుకున్నారు? పిండిలోంచి ప్రాణాల్ని తియ్యడమేగా. ఈసారి ప్రాణాల్లోంచి పిండి తీస్తాను."

పాంజరాపోల్‌కు అడ్డదారిన వెళితే దగ్గరే. కానీ వానాకాలం, దారంతా పచ్చగడ్డి. పచ్చగడ్డి మీద కాలు పెట్టకూడదు. కాబట్టి మూడోరోజు పొద్దున దంపతులిద్దరూ బండ్లదారిన ఊరు చుట్టి వెళ్లారు. ఆయన చీమల కోసం ఆగితే, ఆవిడ నీరసంతో ఆగింది. దారిలో కనిపించిన ప్రతివాళ్లూ "జల్లెడతో ఎక్కడికి బెన్?" అని అడిగారు. "మీ భాయికి బుద్ధి జల్లెడ పట్టిద్దామని" అని చెప్పుకుంటూ పోయింది.

పురుగుల గదిలోకి ఎవరూ అడుగుపెట్టరు. అడుగు పెడితే ఎన్ని ప్రాణాలు పోతాయో. గడప బయట నుంచే గింజలు లోపలికి జారవిడుస్తారు. గడప లోపల గోధుమలు, శనగలు, పొట్టు, పొడి అన్నీ కలిసి మెత్తటి గుట్టగా ఉన్నాయి. ఆ గుట్ట మెల్లగా కదులుతూనే ఉంది.

"కాకా, పొట్లం మా వాళ్లకిచ్చి మూడు రోజులయింది. తిరిగి అడగడానికి ఇదేమన్నా కుదువ కొట్టా?" అన్నాడు హమీర్. కానీ విషయం విన్నాక చుట్ట పారేసి లేచాడు. తాను పొట్లం విప్పిన మూలను గుర్తుపట్టి, పొడుగాటి కర్ర గరిటెతో అక్కడి పొడిని కొంచెం కొంచెంగా తీసి గడప మీద పోశాడు.

ఝమ్‌కూబెన్ కాళ్లు చాపుకుని కూర్చుంది. చేతిలో జల్లెడ ఉంటే ఆవిడ వేరే మనిషి. జల్లెడను ఆడించడం కాదు, ఊయల ఊపినట్టు ఊపేది. పొడి కిందికి దిగేది, గింజలు ఒక పక్కకు చేరేవి, ముక్కుపురుగులు వాటంతట అవే అంచుకు ఎక్కేవి. అంచును ఆవిడ గదివైపు వంచి పట్టుకుంటే, దిగి వాళ్ల ఇంటికి వాళ్లు వెళ్లిపోయేవారు. ఒక్క కాలు విరగలేదు. ఉజమ్‌శీభాయి పక్కన కూర్చుని నలభై ఏళ్లుగా తన ఇంట్లో జరుగుతున్న పనిని మొదటిసారి చూశాడు.

"ఇంత బాగా చేస్తావని నాకు తెలీదు."

"మీ రెండు కళ్లూ సవతి మీదుంటే ఎలా తెలుస్తుంది?"

మధ్యాహ్నం దాటింది. పంచాంగం కాగితం దొరికింది, మడత కూడా విప్పకుండా.

"చూశారా, మీ దారిబత్తెం ముట్టుకోలేదు. పోయినేడాది తిథులు వాటికెందుకు?"

పొద్దు వాలుతుండగా జల్లెడలో ఏదో మెరిసింది. కందిపప్పు బద్దంత ముక్క. తెల్లటి నేల, నల్లటి చుక్క, అంచున బంగారు గీత. రాణిగారి కన్ను ఆకాశాన్ని చూస్తోంది. దాని మీద ఒక తెల్లపురుగు హాయిగా పడుకుని ఉంది.

ఉజమ్‌శీభాయి చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

"దించుదామా కాకా?" అన్నాడు హమీర్ పుల్ల తీస్తూ.

"వద్దు. పుల్ల గుచ్చుకుంటుంది."

"ఊదితే?"

"ఊదితే దానికి తుఫాను."

ముగ్గురూ జల్లెడ చుట్టూ కూర్చుని పురుగు దిగడం కోసం ఎదురుచూశారు. సూర్యుడు పాంజరాపోల్ గోడ మీదికి వచ్చాడు. గోడ దిగితే ఝమ్‌కూబెన్‌కు మర్నాడు పొద్దున దాకా గుటకెడు నీళ్లు కూడా లేవు. కాచిన నీళ్ల చెంబు ఇంట్లో ఉంది. ఆవిడ పెదాలు ఎండిపోయాయి. ఉజమ్‌శీభాయి ఒకసారి పురుగును చూశాడు, ఒకసారి సూర్యుణ్ణి చూశాడు, ఒకసారి భార్యను చూశాడు.

"నువ్వు వెళ్లు. హమీర్ బండిలో దింపుతాడు. నేను కూర్చుంటాను."

"నేను వెళితే జల్లెడ ఎవరు పట్టుకుంటారు? పట్టడం మీకు రాదుగా."

"అయితే ఇంటికే వెళదాం ఇద్దరం. కన్ను పోతే పోనీ. నీళ్లు తాగు."

ఆ మాట ఆయన నోటి నుంచి ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు. ఝమ్‌కూబెన్ ఆయన ముఖంలోకి కొంతసేపు చూసింది. తరవాత చిటికెనవేలి గోటి మీద చిటికెడు పిండి పెట్టుకుని, ఆ వేలిని పురుగు పక్కన ఆనించి కదలకుండా ఉంచింది.

"రావే తల్లీ. మూడు రోజులుగా ఏమీ తినని మనిషి వేలు ఇది, రుచేమీ ఉండదు గానీ పిండి మాత్రం కొత్తది."

పురుగు తల ఎత్తింది. అటూ ఇటూ చూసింది. పిండి నచ్చిందో, మాట నచ్చిందో, ఒక్కో కాలే వేసుకుంటూ గోరు మీదికి ఎక్కింది. ఆవిడ దాన్ని గదిలోకి దించేసరికి హమీర్ బండి కట్టేశాడు. ఇంటి గుమ్మంలో సూర్యుడి ఆఖరి అంచు ఉండగా ఆవిడ చెంబు ఎత్తింది. చెంబు తెచ్చి అందించింది ఉజమ్‌శీభాయి. ఆ దారిన ఆయన చీమల కోసం ఆగకుండా రావడం అదొక్కసారే. అవునులే, బండిలో వచ్చాడు.

మర్నాడు తుమ్మబంక నానబెట్టి, ఉల్లిపొరలాంటి పల్చటి కాగితం వెనక అద్ది, కన్నును దాని చోట అతికించాడు. ఊపిరి బిగపట్టి అతికించాడు. ఆరాక చూస్తే బాగానే ఉంది. కాకపోతే అంతకుముందు మంచం వైపు చూసే కన్ను, ఇప్పుడు వెంట్రుకవాసి తిరిగి, బయటికి చూస్తోంది. మళ్లీ తీస్తే కాగితం చిరుగుతుంది. అలాగే వదిలేశాడు.

అయిదోరోజు ప్రవచనాలు జరిగే ఉపాశ్రయం కిక్కిరిసింది. సాధువు మహారాజ్ సాహెబ్ చదువుతున్నారు. రాణిగారి బొమ్మ ఎత్తే వంతు వచ్చింది. ఉజమ్‌శీభాయి రెండు చేతులతో ఎత్తి మెల్లగా ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పాడు. ఆడవాళ్లలో గుసగుసలు లేచాయి. "ఈ ఏడు రాణి నాకేసే చూసిందే" అని ఒకావిడ. "నీకేసి కాదు, నీ కొత్త చీరకేసి" అని ఇంకొకావిడ. ముందు వరసలో సాకర్‌చంద్ సేఠ్ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. ఏమీ అనలేదు.

అనకపోయినా ఎనిమిదో రోజు ఉండనే ఉంది. ఆ రోజు ఏడాది పొడుగునా చేసిన తప్పులకు 'మిచ్ఛామి దుక్కడం' అంటూ ఒకరినొకరు క్షమాపణ అడుక్కోవాలి. మనసులో ఒకటి దాచుకుని చేతులు జోడిస్తే అది క్షమాపణ కాదు, వ్యాయామం. ఉజమ్‌శీభాయి తాళంచెవిని మొలలోంచి తీసి చేత్తో పట్టుకుని సేఠ్ ఇంటికి వెళ్లాడు. ఝమ్‌కూబెన్ వెనకే వెళ్లింది. ఎనిమిది రోజుల ఉపవాసంతో గోడ పట్టుకుని నడుస్తున్నా, ఇలాంటిది చూడకుండా ఉండగలదా.

"మిచ్ఛామి దుక్కడం సాకర్. రాణిగారి కన్ను మూడు రోజులు పురుగుల గదిలో ఉంది. పంపింది నేనే. ఇదిగో తాళంచెవి."

సాకర్‌చంద్ సేఠ్ ఊయలబల్ల మీద ఊగడం ఆపాడు.

"ఆ రోజే చూశానులే. అరవై ఏళ్లుగా మంచంకేసి చూసే మనిషి నాకేసి చూస్తే నాకు తెలీదా? నువ్వొచ్చి చెబుతావా, చెప్పవా అని మూడు రోజులుగా ఎదురుచూస్తున్నాను. నా ముందు నుంచి నాలుగుసార్లు వెళ్లావు, చీమల్ని చూసినట్టు నటిస్తూ."

"మూడుసార్లు నిజంగానే చీమలున్నాయి."

సేఠ్ నవ్వలేదు. "నేనూ ఒకటి దాచాను. పోయిన నెల ఆ కొత్త భవనం చూసొచ్చాను. పురుగు పడితే ఏం చేస్తారని అడిగాను. ఇనప పెట్టె చూపించారు. పుస్తకాన్ని అందులో పెట్టి మందుపొగ వదులుతారట. ఒక్కటి కూడా మిగలదట. మరి ఆ పురుగులు అని అడిగితే, ఆ మనిషి నవ్వాడు. వాళ్ల పని వాళ్లది, తప్పు పట్టలేను. కానీ మహావీరుడి కథ పుస్తకాన్ని ఆ పెట్టెలో పెట్టమని నేను సంతకం పెట్టలేనురా. నీతో ముందే చెబితే నెత్తికెక్కి కూర్చుంటావని చెప్పలేదు. మిచ్ఛామి దుక్కడం."

ఉజమ్‌శీభాయి తాళంచెవిని మళ్లీ మొలలోకి దోపబోయాడు.

"సంతోషపడకు. నీ చేతికి పొడి అప్పగించడం మాత్రం ఇకమీదట కుదరదు. రాతిగదికి రెండు తాళాలు వేయిస్తాను. రెండో చెవి ఝమ్‌కూబెన్ దగ్గర ఉంటుంది. ఆవిడ జల్లెడ పట్టనిదే ఆ గదిలోంచి పురుగు కూడా బయటికి పోకూడదు."

"నాకు జీతం?" అంది ఝమ్‌కూబెన్ గోడ పట్టుకునే.

"ఏడాదికొక కొత్త జల్లెడ."

ఆ తరవాత ఎన్నో ఏళ్లు లీంబ్డీ పాడాలో వానలకు ముందు ఒక దృశ్యం కనిపించేది. రాతిగది ముందు ఇద్దరు ముసలివాళ్లు, ఇద్దరి మొలల్లో రెండు తాళంచెవులు. ఒకటి లేకుండా రెండోది పనిచెయ్యదు. ఆవిడ పెట్టె తెరిచి ముందుగా, "ఏమే సవతీ, ఇన్నాళ్లూ ఎవరిళ్లలోకి చూశావే?" అని పలకరించేది. రాణిగారు బయటికే చూస్తూ ఉండేవారు.

ఇక ఉజమ్‌శీభాయి, ప్రతి ఏడూ క్షమాపణల రోజున వీధంతా అయ్యాక, బండ్లదారిన ఊరు చుట్టి పాంజరాపోల్‌కు వెళ్లేవాడు. పురుగుల గది గడప ముందు నిలబడి, ఇచ్చింది వెనక్కి తీసుకున్నందుకు ఆ ముగ్గురికీ చేతులు జోడించేవాడు. లోపలి నుంచి ఎవరూ పలికేవారు కారు. హమీరే వాళ్ల తరఫున పలికేవాడు.

"క్షమించారట కాకా. ఈసారి పంచాంగం కొత్తది పంపమంటున్నారు."